చోటు చెప్పకు పిన్నీ, పేరు చెప్పు

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న డీటీపీ షాపు, అంటే కంప్యూటర్లో కార్డులూ పేజీలూ కంపోజ్ చేసే కొట్టు. 19 ఏళ్లుగా నా లోకం పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ట్రేసింగ్ పేపరు మీద లేజర్ ప్రింటు. మాఘమాసం వచ్చిందంటే రోజుకి ఆరేడు శుభలేఖలు కంపోజ్ చేసేదాన్ని. చి.ల.సౌ. అని కొట్టడానికి నా వేళ్లకి కళ్లతో పని లేదు.

ఇప్పుడు 500 కార్డులు కొట్టించేవాళ్లు 150తో సరిపెట్టుకుని, "మిగతావాళ్లకి వాట్సాప్‌లో పంపుకుంటాం, ఒక జేపీజీ ఇచ్చెయ్యండి మేడం" అంటున్నారు. ఇస్తున్నాను. అందరికీ అందుతోంది. మా పెదనాన్నకి తప్ప.

పెదనాన్నకి నీటికాసుల వల్ల చూపు పోయి ఆరేళ్లయింది. పొన్నూరు దగ్గర మా ఊళ్లోనే ఉంటాడు. ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుని, అది చదివి వినిపిస్తుంటే వార్తలు వింటాడు, మెసేజీలు వింటాడు, మాకు ఫోన్లు చేస్తాడు. కానీ ఎవరైనా పెళ్లికార్డు పంపితే మాత్రం ఆ ఫోను "ఫొటో" అని ఊరుకుంటుంది. అప్పుడు నాకు పంపి, "ఇదెవరి పెళ్లమ్మా, ఎప్పుడట?" అని అడుగుతాడు. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. నేను వేసిన కార్డు కూడా ఆయన దగ్గరికి వట్టి "ఫొటో"గానే వెళ్తోందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

మా అన్నయ్య కూతురికి పెళ్లి కుదిరింది. కార్డు ఎలాగూ నేనే వేస్తాను. దాంతోపాటు పెదనాన్న తనంతట తాను చదువుకునేలా ఒక వెబ్ పేజీ కూడా చేస్తానని అన్నయ్యకి మాటిచ్చాను. రాత్రి షాపు కట్టేశాక 9 నుంచి 11 దాకా కూర్చుని వెబ్ పేజీలు రాసే భాషలు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎండీఎన్ అనే వెబ్‌సైట్లో పాఠాలు చదవడం, అర్థం కానిది విజయవాడలో బీటెక్ మూడో ఏడు చదువుతున్న మా అక్క కొడుకుని వీడియో కాల్‌లో అడగడం. ఈ రెండే నా బడి.

మొదటి రాత్రి చేసిన పని చెప్తాను. కార్డు మ్యాటర్ పేజ్‌మేకర్‌లో సిద్ధంగా ఉంది కదా అని మొత్తం కాపీ చేసి ఎడిటర్‌లో పేస్ట్ చేశాను. ఒక్క తెలుగు అక్షరం రాలేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, కామాలు, తలకిందుల ప్రశ్నార్థకాలు కలగాపులగంగా పడ్డాయి. ఫైలు పాడైందేమో అనుకుని మళ్లీ చేశాను. మళ్లీ అదే.

కారణం తెలిశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇన్నేళ్లు నేను కొట్టిన తెలుగు కంప్యూటర్‌కి తెలుగని తెలియదు. ఆ ఫైల్లో ఉన్నది ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ ఉండే కోడ్‌లు. ఆ కోడ్ దగ్గర ఇంగ్లీషు అక్షరానికి బదులు తెలుగు ముక్క బొమ్మ గీసి పెట్టడమే ఫాంటు చేసే పని. ఫాంటు ఉన్నచోట అది శుభలేఖ. ఫాంటు తీసేస్తే గుర్తుల కుప్ప. మన కంప్యూటర్లలో యూనికోడ్ (ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడి ప్రమాణం) సరిగ్గా కుదరని రోజుల్లో తెలుగు అచ్చుపని నిలబడిందంటే అది ఆ పద్ధతి పుణ్యమే, దానివల్లే నా ఇల్లు గడిచింది, కాదనను. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు చూడాలంటే ముందు వాళ్ల ఫాంటు దింపుకోవాల్సి వచ్చేది, గుర్తుందా? అదీ ఇదే కథ.

యూనికోడ్‌లో అలా కాదు. మన ప్రతి అచ్చుకీ, హల్లుకీ, గుణింతం గుర్తుకీ సొంత నంబరుంది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుంది. వెబ్ జనం ముందుకొచ్చిందీ ఆ ఏడే. అంటే వెబ్ బయటికొచ్చిన సంవత్సరమే మన అక్షరాలకి యూనికోడ్‌లో చోటు దొరికింది. నేను అక్కడికి చేరేసరికి ఇంత ఆలస్యమైంది.

మ్యాటర్‌ని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కి మార్చుకోవచ్చు. కానీ ఒత్తుల దగ్గర తేడాలొస్తున్నాయి. పెళ్లికార్డులో ఒత్తు పోతే ఎలా? మళ్లీ కొట్టుకుందామని విండోస్‌లోనే ఉన్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నాను. డీటీపీలో మేం వాడే యాపిల్ కీబోర్డుకీ దీనికీ పొంతనే లేదు. ఇందులో ఎడమచేతికి అచ్చులూ గుణింతాలూ, కుడిచేతికి ఎక్కువగా హల్లులు. డి నొక్కితే పొల్లు. శ కొట్టి, పొల్లు కొట్టి, ర కొట్టి, గుడిదీర్ఘం ఇస్తే శ్రీ. మొదటి వారం 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' అన్న ఒక్క వరుసకి అయిదు నిమిషాలు పట్టేది.

తర్వాత డిజైను. సీఎస్‌ఎస్‌లో 'పొజిషన్ అబ్‌సల్యూట్' అన్నది కనబడగానే ప్రాణం లేచొచ్చింది. పేజ్‌మేకర్ కంట్రోల్ పాలెట్‌లో ఎక్స్ ఇంత, వై ఇంత అని కొడతాం చూడండి, అచ్చం అదే. పై నుంచి 84 పిక్సెల్స్, ఎడమ నుంచి 312 పిక్సెల్స్ అంటూ వధువు పేరు, వరుడి పేరు, ముహూర్తం, వేదిక అన్నీ కొలిచి కూర్చోబెట్టాను. మూడు రాత్రులు పట్టింది. నా 19 అంగుళాల మానిటర్ మీద కార్డూ పేజీ పక్కపక్కన పెడితే కవలల్లా ఉన్నాయి.

అక్క కొడుక్కి స్క్రీన్ చూపించాను. "చాలా బాగుంది పిన్నీ. ఏదీ, ఆ విండో అంచు పట్టుకుని సగానికి లాగు" అన్నాడు. లాగాను. వరుడి పేరు కుడివైపు తెర బయటికి వెళ్లిపోయింది. ముహూర్తం సగమే మిగిలింది.

వాడు నవ్వలేదు. నెమ్మదిగా చెప్పాడు. "పిన్నీ, నువ్వు ఏ అక్షరం ఎక్కడ కూర్చోవాలో చెప్తున్నావు. కాగితమైతే నీ చేతిలో ఉంటుంది గానీ, ఇక్కడ చూసేవాళ్ల తెర ఎంతుంటుందో నీకేం తెలుసు? అందుకని చోటు చెప్పకు, పేరు చెప్పు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా అని చెప్పు. సర్దుకోవడం బ్రౌజర్ చూసుకుంటుంది."

ఆ రాత్రే వాడు నాకు మొట్టమొదటి వెబ్ పేజీ చూపించాడు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ, తను పనిచేసిన సెర్న్ అనే పరిశోధన సంస్థలో పెట్టింది. దాని ప్రతి ఇప్పటికీ సెర్న్ వాళ్ల సైట్లో తెరుచుకుంటుంది. రంగులేదు, బొమ్మలేదు. శీర్షిక, పేరాలు, లింకులు, అంతే. విండోని ఎంత కుదించినా వాక్యాలు వాటంతటవే మడతపడి కింది వరుసలోకి వస్తున్నాయి. రంగులూ అంచులూ కొలతలూ చెప్పే సీఎస్‌ఎస్ మొదటి ప్రమాణంగా ఖరారైంది 1996 డిసెంబరులో. ముందు పుట్టింది పేర్లు చెప్పే భాషే.

నేను మూడు రాత్రుల పనీ తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పేజ్‌మేకర్ తెరవకుండా, ఒక తెల్లకాగితం మీద శుభలేఖని ముక్కలుగా రాసుకుని ఒక్కోదానికీ 'నువ్వెవరు?' అని ప్రశ్న వేసుకున్నాను. ఎన్ని వేల శుభలేఖలు వేశానో లెక్కలేదు, ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. కాగితం మీద జవాబు ఎప్పుడూ పాయింట్ల లెక్కలోనే ఉండేది. పేర్లు 28 పాయింట్లు, ముహూర్తం 16, 'బంధుమిత్రుల అభినందనలతో' 11.

పైన ఉండే 'శ్రీరస్తు' శీర్షికా? కాదు. అది ప్రార్థన. పేజీలో మొదట వస్తుంది గానీ, పేజీ దేని గురించో అది చెప్పదు. దానికి మామూలు పేరా చాలు. ఫలానా వారి వివాహ ఆహ్వానం అన్నదే పెద్ద శీర్షిక, దాని ట్యాగ్ (పేరు చెప్పే గుర్తు) హెచ్1. ముహూర్తం, వేదిక, విందు, ఆహ్వానించువారు, ఇవన్నీ దాని కింది శీర్షికలు, హెచ్2లు. ముహూర్తం సమయానికి టైమ్ అని ఒక ట్యాగే ఉంది. 'బంధుమిత్రుల అభినందనలతో' కింద వచ్చే పేర్లు జాబితా, అందుకని యూఎల్. కల్యాణ మండపం చిరునామాకి అడ్రస్ ట్యాగ్ పెట్టి మురిసిపోయాను. తర్వాత ఎండీఎన్‌లో చదివితే, అది ఏ చిరునామాకి పడితే దానికి కాదట. ఆ పేజీ తాలూకు మనుషుల్ని ఎలా కలుసుకోవాలో చెప్పడానికట. తీసి 'ఆహ్వానించువారు' దగ్గర అన్నయ్య ఫోన్ నంబరుకి పెట్టాను. మండపానికి మామూలు పేరా, పక్కన మ్యాప్ లింకు.

పేజీ నా కంప్యూటర్‌లో చక్కగా కనబడ్డాక పేజీల్ని ఇంటర్నెట్‌లో ఉంచే ఒక ఉచిత హోస్టింగ్‌లోకి ఎక్కించి ఫోన్లో తెరిచాను. ఈసారి ఇంకో రకం కుప్ప. తలమీద చిన్న గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ'లు వరుసగా, వాటి మధ్య డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు. నా గుండె జారిపోయింది. కొట్టింది యూనికోడే కదా, మళ్లీ ఇదేమిటి?

అక్క కొడుకు పరీక్షల్లో ఉన్నాడు. అడగలేదు. ఆ చెత్తనే ఒక కాగితం మీద రాసుకుని, పక్కన అసలు అక్షరాలు రాసి చూడటం మొదలుపెట్టాను. 'శ్రీ' ఉండాల్సిన చోట మొదట గీత ఎ, డిగ్రీ, పేరా గుర్తు. అది శ. తర్వాత గీత ఎ, ప్లస్-మైనస్. అది పొల్లు. తర్వాత గీత ఎ, రెండు డిగ్రీలు. అది ర. ఆఖర్న గీత ఎ, ప్లస్-మైనస్, యూరో గుర్తు. గుడిదీర్ఘం. పేజీ మొత్తంలో ఎక్కడ గుడిదీర్ఘం ఉంటే అక్కడ యూరో గుర్తు! అంటే అక్షరాలు ఎక్కడికీ పోలేదు. వేరే వేషంలో ఉన్నాయి, అంతే.

యూటీఎఫ్-8 అన్న పద్ధతిలో మన తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లుగా నిల్వ ఉంటుంది. 'శ్రీరస్తు' మనకి మూడక్షరాలు, యూనికోడ్‌కి 9 గుర్తులు, ఫైల్లో 27 బైట్లు. ఇది యూటీఎఫ్-8 అని బ్రౌజర్‌కి చెప్పకపోతే, ఒక్కో బైటునీ ఒక్కో పాశ్చాత్య అక్షరంగా చదివేస్తుంది. నా కంప్యూటర్‌లోని ఫైలైతే బ్రౌజర్ తనే పోల్చుకుంది. సర్వర్ నుంచి వచ్చినప్పుడు పోల్చుకోలేదు. పేజీ గురించి బ్రౌజర్‌కి చెప్పే హెడ్ భాగంలో మొట్టమొదటి వరుసగా 'మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8' రాశాను. అది ఫైలు మొదటి 1024 బైట్లలోపే ఉండాలి, అందుకే అన్నిటికన్నా పైన. సేవ్ చేసి, ఎక్కించి, ఫోన్లో రిఫ్రెష్ చేశాను. శ్రీరస్తు. రాత్రి 12 దాటింది. మా ఆయన్ని లేపి మరీ చూపించాను.

అక్కడే ఇంకో మాట కూడా చేర్చాను. హెచ్‌టీఎంఎల్ అనే మొదటి ట్యాగ్‌లో లాంగ్ అని రాసి, ఈక్వల్స్ పెట్టి, కోట్స్ మధ్య టీ, ఈ. ఇది తెలుగు పేజీ అని. కంటితో చూసేవాళ్లకి దీనివల్ల పెద్ద తేడా కనబడదు. పెదనాన్న ఫోన్లో చదివే గొంతుకి కావాలి.

ఫోన్లో అక్షరాలు వచ్చాయి గానీ చీమల్లా ఉన్నాయి. తెర వెడల్పు గురించి చెప్పే వ్యూపోర్ట్ మెటా వరుస లేకపోతే ఫోను తన తెర 980 పిక్సెల్స్ వెడల్పని ఊహించుకుని పేజీని కుదించేస్తుందట. ఆ వరుసా పెట్టాను. తర్వాత అమ్మ ఫోన్లో చూశాను. అమ్మ సెట్టింగ్స్‌లో అక్షరం సైజు బాగా పెంచుకుంటుంది. పెట్టెలకి నేను 120 పిక్సెల్స్ ఎత్తు బిగించి ఉన్నాను కాబట్టి, మండపం చిరునామా పెట్టె దాటి విందు మీద పడింది. కాగితపు అలవాటు అంత తొందరగా పోతుందా? ఎత్తులన్నీ తీసేసి, లోపల అంచుల ఖాళీ (ప్యాడింగ్) మాత్రం ఉంచాను. ఇప్పుడు అమ్మ అక్షరం ఎంత పెంచుకుంటే పెట్టె అంత పెరుగుతోంది.

వరుసల మధ్య ఎడం గురించి మాత్రం నా వృత్తి నాకు పనికొచ్చింది. పాఠంలో లైన్-హైట్ 1.2 అని ఉంది. ఇంగ్లీషుకి సరిపోతుందేమో. మన లిపికి పైన గుడులూ ఏత్వాలూ, కింద ఒత్తులూ. 'జ్యేష్ఠ పుత్రిక' అన్న వరుస కిందే 'శ్రీమతి' వస్తే ఠవత్తు వెళ్లి గుడిని తన్నుతోంది. కాగితం మీద నేను 14 పాయింట్ల అక్షరానికి 22 లీడింగ్ (వరుసల ఎడం) ఇస్తాను. తెర మీద ఇంకాస్త కావాలనిపించి 1.8 పెట్టాను, పక్కన యూనిట్ ఏదీ లేకుండా. అలా పెడితే అక్షరం పెరిగితే ఎడం కూడా దాంతోపాటే పెరుగుతుంది. తెలుగు సైట్లు చేసే పిల్లలు ఈ ఒక్కటీ చూసుకుంటే చదివేవాళ్ల కళ్లకి ఎంత సుఖమో.

ఫాంట్ల దగ్గర నాకు పండగే. గూగుల్ ఫాంట్స్‌లో గురజాడ, గిడుగు, సురవరం, పెద్దన, ధూర్జటి, తిమ్మన అని మన పెద్దల పేర్లతో ఉచితంగా ఉన్నాయి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు వారి పేరు డ్రాప్‌డౌన్‌లో కనబడితే చేతులు జోడించాలనిపించింది. మొదట మండలి తీసుకున్నాను, చక్కటి అక్షరం. కానీ అందులో ఒకటే మందం. పేర్లకి బోల్డ్ పెడితే బ్రౌజర్ తనే అక్షరాన్ని లావు చేస్తోంది, ఒత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోతున్నాయి. అందుకని 100 నుంచి 900 దాకా మందాలున్న నోటో సాన్స్ తెలుగుకి మారాను.

రంగు గురించి ఒక ముక్క. ప్రెస్సులో పసుపంటే నాకు మెజెంటా 20, ఎల్లో 100. తెర మీద అది ఎరుపు 255, ఆకుపచ్చ 204, నీలం 0. తెల్ల నేపథ్యం మీద పసుపు అక్షరాలు కార్డులో ఫాయిల్‌తో మెరుస్తాయి. తెర మీద అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5 రెట్లు ఉండాలని నియమం. ఈ పసుపుకి 1.5 దగ్గరే ఆగిపోయింది. పసుపుని అంచులకి పరిమితం చేసి, అక్షరాలకి ముదురు కుంకుమ రంగు ఇచ్చాను. వినాయకుడి బొమ్మ 8 ఎంబీల సీఎంవైకే (అచ్చు రంగుల) ఫైలు. తెర రంగుల ఆర్‌జీబీకి మార్చి, 600 పిక్సెల్స్‌కి తగ్గిస్తే 60 కేబీకి వచ్చింది. దానికి ఆల్ట్ (బొమ్మకి బదులు ఫోను చదివే మాట) అన్నచోట 'వినాయకుడి బొమ్మ' అని రాశాను.

పేజీలో కదలికలు తెచ్చే జావాస్క్రిప్ట్ జోలికి ఇంకా పోలేదు. పూలు రాలేలా పెట్టమని పెళ్లికూతురు అడిగింది. ఇప్పుడు వద్దమ్మా అన్నాను. పూలు రాలుతుంటే చదవడం కష్టం, పైగా పెదనాన్నకి వాటితో పనేముంది?

పెళ్లికి 12 రోజుల ముందు లింకు పంపాను. అరగంటకి పెదనాన్న ఫోన్.

"అమ్మాయ్, ముందు వినాయకుడి బొమ్మ అందే."

"అవును పెదనాన్నా. నేనే రాశాను."

"తర్వాత శ్రీరస్తు శుభమస్తు అంది. తర్వాత..." అని పేజీ మొత్తం నాకు ఒప్పజెప్పాడు. శీర్షికల మీద దూకుతూ నేరుగా 'వేదిక' దగ్గరికి వెళ్లొచ్చని ఆయనకి ముందే తెలుసు. వార్తలు అలాగే వింటాడట. నేను హెచ్2లు సరిగ్గా పెట్టబట్టి ఇక్కడా పనిచేసింది. నాకు గొంతులో మాట రాలేదు. అవతల ఆయనా కాసేపు ఊరుకున్నాడు. ఆ తర్వాత పూర్వం నా పలక చూసినట్టే తప్పులు చెప్పడం మొదలుపెట్టాడు.

"చి ల సౌ అని ముక్కలు ముక్కలుగా చదువుతోంది, ఏమిటో అనుకున్నాను. పూర్తిగా రాయకూడదూ? కార్డు మీద చోటు చాలదు గానీ ఇక్కడ చోటుకేం?"

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని పూర్తిగా రాశాను. 19 ఏళ్లలో ఆ మాట నేను విడదీసి కొట్టింది అదే మొదటిసారి.

"ముహూర్తం రెండు పాయింట్ పద్దెనిమిది అంటోంది."

'రాత్రి 2 గంటల 18 నిమిషాలకు' అని మార్చాను.

"ఇంకోటి. మనూరి నించి బస్సు పెడుతున్నాడుగా మీ అన్నయ్య? ఎన్నింటికి, ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేదు. కార్డులో వేశావా?"

వేయలేదు. కార్డులు అచ్చయిపోయి, పసుపు పెట్టి, సగం పంచేశారు కూడా. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఫైలు తెరిచాను. విందు కింద ఇంకో హెచ్2, 'బస్సు'. దాని కింద ఒక పేరా, 'రామాలయం దగ్గర నుంచి సాయంత్రం 4 గంటలకు బయలుదేరుతుంది'. సేవ్ చేసి ఎక్కించాను.

"పెదనాన్నా, ఒకసారి పేజీ మళ్లీ తెరువు."

అవతల ఫోను చదువుతున్న గొంతు నాకూ వినబడింది. వేదిక, విందు, బస్సు. అక్కడ ఆగింది. వేలితో ముందుకి జరిపి పూర్తిగా విన్నాడు.

"4 గంటలకా? అయితే మధ్యాహ్నం కునుకు మానెయ్యాలి" అని ఫోన్ పెట్టేశాడు.